కొలను గట్టు మీద పచ్చ బిందె

చూలై, మద్రాసు
10-5-1993

చిరంజీవి కోదండరానికి అక్క చెంగమ్మ దీవించి రాయునది. పూర్తిగా దీవించడానికి మనసొప్పక సగమే దీవించాను. మిగతా సగం నీ జవాబు చూశాక.

ఒకే ఊళ్ళో ఉంటూ ఉత్తరమేమిటని నీకు అనుమానం రావచ్చు. ఈ జన్మలో నీతో మాట్లాడనని నిన్న మీ విజయస్తూపం గేటు దగ్గర నలుగురూ వింటుండగా ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. అందుకని రాస్తున్నాను.

జరిగిందంతా మీ వాచ్‌మన్ ఆరోగ్యసామి నీకు చెప్పే ఉంటాడు. వాడు చెప్పింది పక్కన పెట్టి నేను చెప్పేది విను. మా కోడలి తల్లి కాంచనమ్మగారు కూతుర్ని చూసిపోదామని తెనాలి నుంచి వచ్చారు. రాజధాని చూడవచ్చిన వాళ్ళెవరైనా ముందు మీ స్తూపమే చూపించమంటారు. క్యాలెండర్లలో చూసి ఉంటారు కదా, తెల్లటి స్తంభం, దాని ముందు పొడుగ్గా కొలను, కొలనులో తలకిందులుగా ఇంకో స్తంభం. "మా తమ్ముడే ఆడ సూపరింటెండెంటు" అని గొప్పగా చెప్పి వెంటబెట్టుకుపోయాను. నా చంకలో బిందె ఉంది. స్తూపం చూడ్డానికి బిందె దేనికని నువ్వడుగుతావు. ఈ ఎండాకాలం చూలైలో ఏ ఆడదీ బిందె లేకుండా గడప దాటడం లేదు నాయనా. పెళ్ళికి పోయినా చంకలో బిందె ఉండాల్సిందే. దారిలో ఎక్కడ నీళ్ళ లారీ ఆగి ఉంటుందో, ఏ పంపులో రెండు చుక్కలు రాలుతాయో ఎవరికి తెలుసు.

మీ కొలను చూశాను. మా వీధంత పొడుగు, అంచుల దాకా నీళ్ళు. ఎవరూ తాగరు, ఎవరూ తోడరు, ఎవరూ ఒక గుడ్డ ఉతకరు. ఇన్ని నీళ్ళు దేనికయ్యా అంటే స్తంభం నీడ పడ్డానికట. కాంచనమ్మగారు అటు చూసి, ఇటు నా మొహం చూసి, మెల్లగా అన్నారు: "అయితే వదినగారూ, మీ ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవు గానీ చూడ్డానికి ఉన్నాయన్నమాట."

వియ్యపురాలి నోట ఆ మాట పడ్డాక ఎవరు ఊరుకుంటారు? కొంగు బిగించి బిందె ముంచాను. ఆరోగ్యసామి ఈల ఊదుకుంటూ వచ్చి లాగేసుకున్నాడు. నేను సూపరింటెండెంటు అక్కను అని చెబితే, "ఆర్డరు వేసిందే ఆ సారమ్మా, నేనేం చేసేది" అన్నాడు. అప్పుడే నేను ఒట్టు పెట్టుకున్నది.

నాకు మీ నీళ్ళు వద్దు. నా బిందె నాకు కావాలి. నువ్వు క్వార్టర్సుకు పోయాక మన వీధి పద్ధతి మరిచిపోయి ఉంటావు, అందుకని చెబుతున్నాను. లారీ ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. మనిషి పొద్దస్తమానం ఎండలో నిలబడలేదు కాబట్టి లైనులో బిందె నిలబడుతుంది. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే. ఎవరి బిందె ఏదో పసిపిల్లలకు కూడా తెలుసు. నా పచ్చ బిందెది మొదటి చోటు. ఆఫీసుల చుట్టూ తిరిగి, కనబడినవాడికల్లా అర్జీ ఇచ్చి, మా వీధికి లారీని రప్పించిందే నేను కదా. కొత్త బిందె ఎవరిదైనా సరే తోకలో చేరాలి, ఒక ఇంటికి ఒకటే చోటు. తోక దాకా నీళ్ళు రావు. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

నా వెనక చోటు ఎదురింటి అంజలైది. ఈ పొద్దున తన ఎర్ర బిందెను మొదటికి జరిపి, "ఏం చెంగమ్మక్కా, మీ బిందె ఊరికి పోయిండాదా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే నా బిందె పంపు.

ఇట్లు,
సగం దీవెనలతో
నీ అక్క చెంగమ్మ

తా.క.: ఈ ఉత్తరం డబ్బాలో వేయడానికి మీ ఆఫీసు గేటు ముందు నుంచే నడిచి పోవాలి. నీ చేతికే ఇవ్వచ్చు, కానీ అది మాట్లాడినట్టవుతుంది.


విజయస్తూప సంరక్షణ కార్యాలయం
మద్రాసు, 15-5-1993

గౌరవనీయులైన అక్కయ్యగారికి తమ్ముడు కోదండరాం నమస్కరించి వ్రాయు విన్నపము. తమరి లేఖ అందినది, పరిశీలించడమైనది. ఆఫీసు కాగితం మీద రాస్తున్నాను కాబట్టి మీరు అంటున్నాను, వేరే అర్థం తీయవద్దు.

కొలను వద్ద స్వాధీనం చేసుకున్న వస్తువులన్నీ స్టోరు గదిలో భద్రంగా ఉంటాయి. సొంతదారు దరఖాస్తు పెట్టుకుంటే విచారించి ఇస్తాము. దరఖాస్తుతోపాటు బిందె కొన్న రసీదు గానీ, ఇద్దరు సాక్షుల సంతకాలు గానీ జతపరచాలి. ఆనవాళ్ళు స్పష్టంగా రాయాలి. "పచ్చ బిందె" అంటే చాలదు. మీ ఒక్కరికే వచ్చిన ఆలోచన కాదది, ఈ వేసవిలో స్టోరులో పచ్చవే బోలెడు చేరాయి.

అయితే తమరి అసలు బాధ బిందె గురించి కాదని, వియ్యపురాలి ఎదుట చిన్నతనమైందనే బాధ అని నేను గ్రహించాను. అందుకు పరిహారంగా ప్రత్యేక దర్శనం పాసు జతపరుస్తున్నాను. దీనితో కాంచనమ్మగారూ మీరూ తాడు దాటి లోపలికి వచ్చి నీడను దగ్గరి నుంచి చూడవచ్చు. అందరికీ ఇచ్చేది కాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. కొలను నీళ్ళలో పాచి పట్టకుండా మైలుతుత్తం, ఇంకా ఏవేవో మందులు కలుపుతాము. పొరపాటున కూడా తాగకూడదు. మీ బిందెలో నీళ్ళు పారబోయించాను. వేరే ఏ పాత్రలోనైనా పట్టి ఉంటే వెంటనే తెలియజేయగలరు.

జూన్ పన్నెండున స్తూపం వార్షికోత్సవం. పెద్దాయన ఒకరు ముఖ్య అతిథిగా వస్తున్నారు. పోయినేడు నీళ్ళు తగ్గి అడుగున పాచి కనబడిందని నా ముందున్న సూపరింటెండెంటును ఎక్కడికో బదిలీ చేశారు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. కాబట్టి ఈ నెల రోజులూ నన్ను ఒత్తిడి చేయవద్దని మనవి.

ఇట్లు,
తమరి విధేయుడు
కోదండరాం, సూపరింటెండెంటు (తమ్ముడు)

తా.క.: ఆరోగ్యసామి చేత కొత్త బిందె ఒకటి పంపుతున్నాను. నీలం రంగు, పాతదానికంటే పెద్దది. దీనితో గొడవ తీరిపోయిందని భావిస్తాను.


చూలై, మద్రాసు
20-5-1993

కోదండరానికి అక్క చెంగమ్మ రాయునది. ఈసారి దీవెన లేదు.

నీ నీలం బిందె నా కొంప ముంచింది. ఆరోగ్యసామి దాన్ని నెత్తిన పెట్టుకుని వీధి మొత్తానికీ కనబడేట్టు వచ్చాడు. నేను ఇంట్లో లేను. సాయం చేద్దామనుకున్నాడో ఏమో, లైనులో బిందెలు చూసి చివరికి పోయి దీన్ని కూడా పెట్టి, నా పేరు చెప్పి పోయాడు. నేను వచ్చేసరికి అంజలై నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "చెంగమ్మక్క కొత్త బిందె పెట్టేసింది. ఒక ఇంటికి ఒకటే చోటు, కొత్తది తోకలో. రూలు మీదే గదా అక్కా" అంది. నా రూలు నా మెడకే చుట్టుకుంది. తలలో ఉన్నదాన్ని తమ్ముడి పుణ్యమా అని తోకకు పోయాను.

మీ బావ సంగతి చూడు. పొద్దున లేస్తే ట్రంకు పెట్టెలకు అతుకులు వేసుకునే మనిషి, ఆ నీలం బిందెను అటూ ఇటూ తిప్పి చూసి, మంచి సరుకు, గట్టిగా ఉంది అన్నారు. అప్పటి నుంచి ఆయనతో కూడా మాటల్లేవు. ఇలాగే సాగితే ఇంట్లో వాళ్ళకు కూడా ఉత్తరాలే రాయాల్సి వచ్చేట్టుంది.

పాసు కాంచనమ్మగారికి చూపించాను. చూసిన నీడనే మళ్ళీ ఏం చూస్తామండీ అన్నారు.

ఇంకో పాత్ర ఉందా అని అడిగావు. ఉంది. మీవాడి కళ్ళు నా బిందె మీద ఉండగా కాంచనమ్మగారు చడీచప్పుడు లేకుండా తన మరచెంబు ముంచుకున్నారు. ఆ నీళ్ళతోనే ఇంటికి రాగానే కాఫీ పెట్టాం. ఎన్నాళ్ళకో కాఫీ కాఫీలా ఉందని మీ బావ రెండోసారి పోయించుకున్నారు. నీ ఉత్తరం వచ్చేదాకా అందరం గుండ్రాళ్ళలా తిరుగుతున్నాం. అది చదివిన కాసేపటికి ఒక్కొక్కరికే కడుపునొప్పి మొదలైంది. ముందు మీ బావకు, తర్వాత నాకు. కాంచనమ్మగారు మంచమెక్కి, ముంచింది తానే అయినా, మందునీళ్ళ కాఫీ ఇచ్చే కొంపలో పిల్లనిచ్చామని కూతురి దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు.

అసలు కోపం ఇంకా రాయలేదు. మా వీధికి లారీ రావడం మానేసింది. ఏమైందో చూద్దామని నేను, వీధిలో ఇంకొందరం, బయలుదేరాం. తీరా చూస్తే మా లారీ మీ గేటులోకి పోతోంది. వేరే లారీ అనకు. వెనక కుళాయికి మీ బావ వేసిన అతుకు నాకు తెలియదా? డ్రైవర్ని నిలదీశాను. "సూపరింటెండెంటు సార్ సంతకం ఉండాదమ్మా, నెల మొదటి నుంచి సగం ట్రిప్పులు ఈడనే, ఇంక పండగ అయ్యేదాకా అన్నీ ఈడనే పొయ్యాల" అన్నాడు. అంటే నేను ఆ రోజు ముంచింది మా వీధి నీళ్ళే. మా నీళ్ళు మేం ముంచితే ఈల ఊది బిందె లాక్కుంటావా? దొంగ ఎవర్రా?

మా వీధి ఆడవాళ్ళు మండిపోతున్నారు. అంజలై కూడా. ఏం చేస్తామో చేసి చూపిస్తాం.

ఇట్లు,
చెంగమ్మ

తా.క.: ఇట్లు నీ అక్క అని రాసి కొట్టేశాను. కొట్టేసిన గీత కనబడకూడదని వేరే కాగితం మీద మళ్ళీ రాశాను. ఆ కాగితం దండగ కూడా నీ ఖాతాలోనే.


స్తూపం క్వార్టర్సు, మద్రాసు
25-5-1993

అక్కకు కోదండరాం నమస్కారం. ఇది ఆఫీసు కాగితం కాదు, అందుకని నువ్వు అనే రాస్తాను, గట్టిగానే రాస్తాను.

నన్ను దొంగ అన్నావు. లారీ ఎక్కడికి పోవాలో నేను చెబితే వింటుందా? ఇంట్లో నా పెళ్ళాం కోకిలే నా మాట వినదు. లారీలను పంపేది పైవాళ్ళు. వచ్చిన నీళ్ళు వచ్చినట్టు సంతకం పెట్టడం ఒకటే నా పని. అది మీ వీధి లారీ అని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. తెలిసినా నేను చేయగలిగేది లేదు. ఎందుకు సంతకం పెట్టలేదని అడిగే వాళ్ళున్నారు గానీ, ఎందుకు పెట్టావని అడిగింది ఇన్నేళ్ళలో నువ్వొక్కదానివే.

పన్నెండో తారీఖున మీ వీధి ఆడవాళ్ళంతా వచ్చి కొలను ఖాళీ చేస్తారని ఆరోగ్యసామి విని వచ్చాడు. నిజమేనా అక్కా? పెద్దాయన ఎదురుగా బిందెలు ముంచుతారా? ముంచితే పోలీసులు వస్తారు, నా ఉద్యోగం పోతుంది, నేనూ కోకిలా పెట్టే బేడా సర్దుకుని మీ ఇంటికే రావాలి. మమ్మల్ని పెట్టుకుంటావా?

గేటు దగ్గరి బోర్డు మీద రూళ్ళన్నీ రాసి ఉన్నాయి. నీకోసం నకలు రాయించి పంపుతున్నాను. కొలనులో స్నానం చేయరాదు. బట్టలు ఉతకరాదు. ఉమ్మరాదు. చేపలు పట్టరాదు. నీరు తోడరాదు. పూజలు చేయరాదు. ఇవి నావి కావు, ప్రభుత్వానివి. ఒక్కొక్కటే అందరికీ చదివి వినిపించు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తోడబుట్టినదానివని చూడను. బోర్డు మీద ఉన్నది పాటించండి, లేనిదాని జోలికి నేను రాను.

ఒక ప్లాస్టిక్ బిందె కోసం ఇంత రాద్ధాంతం లోకంలో ఎవరూ చేసి ఉండరు. నాకూ కోపం వస్తుందని తెలుసుకో.

ఇట్లు,
కోపంగా
కోదండరాం

తా.క.: రిజిస్టరు చూశాను. మందు కలిపింది మీరు వచ్చిపోయిన మర్నాడు. మీరు తాగింది ఉత్త నీళ్ళే. కాంచనమ్మగారిని మంచం దిగమను.


చూలై, మద్రాసు
9-6-1993

కోదండరానికి అక్క రాయునది.

నీ తాజాకలం చదవగానే అందరి కడుపునొప్పీ పోయింది. కాంచనమ్మగారు లేచి గారెలకు పప్పు కొలిచారు, నానబోయడానికి నీళ్ళెక్కడివని కోడలు అడిగితే మళ్ళీ పడుకున్నారు.

నువ్వు పంపిన రూళ్ళు వీధిలో కూర్చుని రెండుసార్లు చదువుకున్నాం. మంచి రూళ్ళు. మేము ఒక్కటి కూడా తప్పం. స్నానం చేయం, ఉతకం, ఉమ్మం, ఒక్క చుక్క కూడా తోడం. కానీ గట్టు మీద బిందె పెట్టరాదని అందులో లేదు. బోర్డు మీద లేనిదాని జోలికి రానని నువ్వే రాశావు.

మా పద్ధతి ఒకటే. లారీ ఎక్కడికి వస్తే లైను అక్కడ. మా లారీ మీ కొలనుకు వస్తోంది కాబట్టి ఇక మీదట మా లైను మీ గట్టు మీదే. పన్నెండో తారీఖు పొద్దున్నే బిందెలు వచ్చి నిలబడతాయి. మేము గేటు బయట ఉంటాం. బిందె నిలబడితే మనిషి నిలబడినట్టే గదా.

ఇప్పుడు నా సంగతి. లైను చోటు మారింది కాబట్టి పాత వరసే మళ్ళీ పెట్టాలని నేను పట్టుబట్టాను. అందరూ ఒప్పుకున్నారు. మొదటి చోటు నాకు వదిలిపెడతారు. కానీ పాత బిందె వస్తేనే పాత చోటు. ఆ పొద్దున లారీ వచ్చేలోగా నా పచ్చ బిందె అక్కడ నిలబడకపోతే ఆ చోటు అంజలైది, నేను శాశ్వతంగా తోకే. అంజలై నవ్వుతూ ఒప్పుకుంది. ఆ నవ్వుకే నాకు కడుపు మండిపోతోంది.

దరఖాస్తు పెట్టను, రసీదు లేదు, సాక్షులను తేను. ఆ బిందె చంకలో పెట్టుకునే నేను ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో నీకు తెలుసు. నన్ను చూసి నవ్విన గుమాస్తాలున్నారు, లేచి పొమ్మన్నవాళ్ళున్నారు. అలా తిరిగి తెచ్చుకున్నది ఆ మొదటి చోటు. అది పోతే మా వీధిలో నేను తలెత్తుకు తిరగలేనురా. తెచ్చి పెడతావో పెట్టవో నీ ఇష్టం.

ఇట్లు,
చెంగమ్మ

తా.క.: మిమ్మల్ని పెట్టుకుంటావా అని అడిగావు. కోకిలను పెట్టుకుంటాను. నీ సంగతి ఆలోచించాలి.


స్తూపం క్వార్టర్సు, మద్రాసు
16-6-1993

అక్కకు కోదండరాం నమస్కారం. ముందే చెబుతున్నాను, నాకింకా కోపం తగ్గలేదు.

గేటు బయట ఉండబట్టి నువ్వు లోపల జరిగింది చూడలేదు. ఆ పొద్దున నేను వచ్చేసరికి గట్టు పొడుగునా బిందెలు. ఎరుపు, పసుపు, నీలం, గులాబీ, ఒకదాని వెనక ఒకటి. తీసేయనా సార్ అని ఆరోగ్యసామి అడుగుతున్నాడు. ఏ రూలు కింద తీసేయమనను? బోర్డు దగ్గరికి పోయి మళ్ళీ చదివాను. నువ్వు చెప్పింది నిజమే, ఎక్కడా లేదు.

వరసకు మొదట ఒక బిందె పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అది చూసీ చూడనట్టు పోదామనే అనుకున్నాను. అంతలో లారీ గేటులోకి మలుపు తిరిగింది. లారీ వెంట అంజలై లోపలికి వచ్చి, తన ఎర్ర బిందె ఎత్తి, నా వంక చూసి, "ఇంక మీ అక్క కథ అయిపోయింది సార్" అంది. నా ఒళ్ళు మండింది. మా అక్కను నేను ఎన్నైనా అంటాను, ఇంకొకళ్ళంటే పడను. స్టోరుకు పరుగెత్తాను. పచ్చ బిందెల గుట్టలో నీది చూడగానే తెలిసింది. రిజిస్టరులో రాయకుండా, సంతకం లేకుండా, ప్రభుత్వ స్టోరు నుంచి ఒక వస్తువు బయటికి తెచ్చాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి. లారీ కొలను దగ్గర ఆగేలోగా తెచ్చి ఆ చోట్లో పెట్టి పక్కనే నిలబడ్డాను. నీమీద ప్రేమతో అనుకోకు, కోపంతోనే పెట్టాను.

వెనకే పెద్దాయన కారు వచ్చింది. ఆయన కొలను ముందు నిలబడి కిందికి చూశారు. స్తంభం నీడ, దాని పక్కన తలకిందులుగా బిందెల నీడలు, అన్ని రంగులూ. వంగి ఇంకోసారి చూశారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఈ అలంకారం ఆలోచన ఎవరిదని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా పై అధికారి, మాదేనండి అన్నాడు. సామాన్యుల బిందెకు కూడా స్తూపం దగ్గర చోటిచ్చారు, ఇదీ అసలైన గౌరవం అని పెద్దాయన ప్రసంగంలో చెప్పారు. ఫోటోలు తీశారు. నిన్న ఆర్డరు వచ్చింది.

ఆర్డరులో ఉన్నది రాస్తాను. సదరు బిందెలు ఇకమీదట స్తూపంలో భాగంగా పరిగణించబడును. ఫోటోలో ఉన్న వరసలోనే ఉంచవలెను, ఏ బిందె స్థానమూ మార్చరాదు. గాలికి ఎగిరిపోకుండా ఎల్లప్పుడూ నిండుగా ఉంచవలెను. దోమలు చేరకుండా ప్రతిరోజూ పాత నీరు తీసి మంచినీరు నింపవలెను. లారీ వచ్చినప్పుడు ముందు బిందెలు, తర్వాత కొలను.

కాబట్టి నీ బిందె నీకు తిరిగి ఇవ్వడం కుదరదు. అది ప్రభుత్వానిదైపోయింది. మొదటి చోటులో పచ్చ బిందె ఉండాలని ప్రభుత్వం సంతకం పెట్టింది, దాన్ని ఒక్క జానెడు జరిపినా నేరం. ఈ ముక్క అంజలైకి నేనే చదివి వినిపించాను. రెండుసార్లు వినిపించాను.

రోజూ తీసే పాత నీళ్ళు ఏం చేయాలో ఆర్డరులో రాయలేదు. పై అధికారిని రాతపూర్వకంగా అడగాలి. అడిగితే జవాబుకు ఏడాది పడుతుంది, వద్దనే వస్తుంది. అందుకని అడగలేదు. ఎవరి బిందెలో పాత నీళ్ళు వాళ్ళు పొద్దున్నే వచ్చి తీసుకుపోవచ్చునని నేనే కాగితం రాసి సంతకం పెట్టి గోడకు అంటించాను. అవి లారీ నీళ్ళే, మందు లేదు. రేపటి నుంచి ఖాళీ పాత్రలు తెచ్చుకోండి. ఆరోగ్యసామి ఈల ఊదడు.

ఇట్లు,
ఇంకా కోపంగానే
నీ తమ్ముడు కోదండరాం

తా.క.: ఇది ఆఫీసు సంగతి కాదు. మా క్వార్టర్సు కుళాయికి రెండు నెలలుగా నీళ్ళు లేవు. కొలను సూపరింటెండెంటు పెళ్ళాం బిందె పట్టుకుని నిలబడితే నామోషీ అని కోకిలను బయటికి పోనీయలేదు. పక్క బ్లాకు వాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుంటోంది. ఈ పొద్దున నాతో చెప్పకుండా ఒక బిందె తెచ్చి మీ వరస చివర పెట్టేసింది. ఫోటోలో లేని బిందె అది, తీసేయమని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. తోక దాకా నీళ్ళు అందేట్టు చూడు అక్కా.